లోహంలో కొత్త దశ ఎక్కడ, ఎప్పుడు పుడుతుందో పట్టుకోవడం ఎలా

రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. ఏ పట్టిక చూసినా అదే అంకె కనిపిస్తుంది. అయితే అదే రాగిని మలినాలు లేకుండా, అతి చిన్న బిందువులుగా విడగొట్టి చల్లారిస్తే, అంతకంటే 236 డిగ్రీలు దిగువకు వెళ్లినా ద్రవంగానే నిలబడగలదు. 1950 ప్రాంతంలో డేవిడ్ టర్న్‌బుల్ బృందం లోహ బిందువులతో చేసిన ప్రయోగాలలో ఇలాంటి ఫలితాలు వచ్చే వరకు, లోహాలు ఇంతగా అతిశీతలం కాలేవని చాలామంది అనుకునేవారు.

పట్టికలోని ఉష్ణోగ్రత మార్పుకు దొరికిన అనుమతి మాత్రమే. మార్పు నిజంగా మొదలు కావాలంటే కొత్త దశ (పరమాణువుల అమరికో కూర్పో వేరుగా ఉన్న స్థితి, ఇక్కడైతే ఘన రాగి) ఎక్కడో ఒకచోట, కొన్ని వందల పరమాణువుల ముద్దగా పుట్టాలి. ఆ పుట్టుకను న్యూక్లియేషన్ అంటారు. ఆ తొలి ముద్దను ఇక్కడ బీజం అంటాను. దశా పరివర్తనలను చదివేవారైనా, వాటితో పనిచేసేవారైనా ప్రతిసారీ అడగవలసిన ప్రశ్నలు నా దృష్టిలో రెండే: బీజం ఎక్కడ పుడుతుంది? సమతాస్థితి నుంచి ఎంత దిగాక పుడుతుంది? వీటికి జవాబు రాబట్టే పద్ధతిని వరుసగా చెబుతాను. కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. మధ్యలో వచ్చే ప్రయోగాలకు కొంత తగరం, ఉష్ణోగ్రత కొలిచే ఒక థర్మోకపుల్, కొన్ని ఉక్కు ముక్కలు కావాలి.

1. ముందు మార్పును గుర్తించండి

ఏ దశ పోయి ఏ దశ వస్తోంది, అవి రెండూ సమానంగా నిలబడే ఉష్ణోగ్రత ఎంత, కూర్పు మారుతుందా, పరిమాణం ఎంత మారుతుంది అనే నాలుగు విషయాలు రాసుకోండి. స్వచ్ఛమైన రాగి గడ్డకట్టేటప్పుడు కూర్పు మారదు. పరమాణువులు పక్కకు సర్దుకుంటే చాలు. ఉక్కులో ఆస్టెనైట్ (బాగా వేడిగా ఉన్నప్పటి దశ) పెర్లైట్‌గా (రెండు దశల పలుచని పొరలుగా) మారేటప్పుడు పరిస్థితి వేరు. సుమారు 0.77 శాతం కార్బన్ ఉన్న ఒకే దశ, దాదాపు 0.02 శాతం ఉన్న ఫెర్రైట్ అనే మెత్తని దశగానూ 6.7 శాతం ఉన్న సిమెంటైట్ అనే గట్టి దశగానూ విడిపోవాలి. అంటే కార్బన్ ప్రయాణించాలి, దానికి సమయం పడుతుంది. కూర్పు మారుతుందా అన్న మూడో విషయానికి మీరు రాసిన జవాబే చివర్లో ఉక్కు గట్టిపడటం గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

2. చోదక శక్తిని లెక్కించండి

కొత్త దశకు మారితే ఘనపు మీటరుకు ఎంత శక్తి లాభమో అదే చోదక శక్తి. ద్రవం గడ్డకట్టే సందర్భానికి సూత్రం సులువు. ఘనపు మీటరుకు గుప్తోష్ణాన్ని, అంటే గడ్డకట్టేటప్పుడు బయటికి వచ్చే వేడిని, అండర్‌కూలింగ్‌తో, అంటే ద్రవీభవన స్థానానికి ఎన్ని డిగ్రీలు దిగువన ఉన్నామో ఆ అంకెతో గుణించి, ద్రవీభవన స్థానంతో భాగించండి. ద్రవీభవన స్థానాన్ని కెల్విన్లలోనే తీసుకోవాలి. సెల్సియస్‌లో వేస్తే లెక్క మొత్తం చెడుతుంది.

రాగికి గుప్తోష్ణం ఘనపు మీటరుకు సుమారు 1.77 × 10⁹ జౌళ్లు, ద్రవీభవన స్థానం 1358 కెల్విన్లు. 10 డిగ్రీలు దిగితే చోదక శక్తి 1.3 × 10⁷ జౌళ్లు. 236 డిగ్రీలు దిగితే 3.08 × 10⁸. సరిగ్గా ద్రవీభవన స్థానం దగ్గర అది సున్నా. అందుకే ఏ లోహమూ పట్టికలోని ఉష్ణోగ్రత దగ్గరే కొత్తగా గడ్డకట్టడం మొదలుపెట్టదు. ఎంతో కొంత దిగి తీరాలి.

3. సరిహద్దుకు అయ్యే ఖర్చు, సంధి వ్యాసార్థం

బీజం పుడితే దాని చుట్టూ ఒక సరిహద్దు ఏర్పడుతుంది. అక్కడి పరమాణువులు ఇటు ద్రవంలోనూ అటు స్ఫటికంలోనూ పూర్తిగా ఇమడవు, అందువల్ల ప్రతి చదరపు మీటరుకు కొంత శక్తి ఖర్చవుతుంది. రాగి ద్రవానికీ ఘనానికీ మధ్య అది సుమారు 0.177 జౌళ్లు. లాభం ఘనపరిమాణంతో, అంటే వ్యాసార్థపు ఘనంతో పెరుగుతుంది. ఖర్చు ఉపరితలంతో, అంటే వ్యాసార్థపు వర్గంతో పెరుగుతుంది. చిన్న ముద్దలో ఖర్చుదే పైచేయి. ఒక హద్దు దాటాకే పెరగడం లాభసాటి అవుతుంది.

ఆ హద్దును సంధి వ్యాసార్థం అంటారు. సరిహద్దు శక్తిని రెండుతో గుణించి, చోదక శక్తితో భాగిస్తే అది వస్తుంది. 10 డిగ్రీల అండర్‌కూలింగ్ దగ్గర రాగికి అది 27 నానోమీటర్లు, 100 డిగ్రీల దగ్గర 2.7, 236 డిగ్రీల దగ్గర 1.15. అంకెలను పరమాణువుల్లోకి మార్చి చూడండి, విషయం కళ్లకు కడుతుంది. రాగిలో ఒక్కో పరమాణువుకు దాదాపు 0.0118 ఘనపు నానోమీటర్ల చోటు పడుతుంది. కాబట్టి 10 డిగ్రీల దగ్గర బీజానికి సుమారు 70 లక్షల పరమాణువులు ఒక్కసారిగా స్ఫటికపు వరుసలో కుదరాలి. 236 డిగ్రీల దగ్గర 540 చాలు. మొదటిది యాదృచ్ఛికంగా జరిగే పని కాదు. రెండోది జరుగుతుంది.

సంధి వ్యాసార్థం కంటే చిన్న ముద్దలు కూడా ద్రవంలో ఎప్పుడూ పుడుతూ, కరిగిపోతూనే ఉంటాయి. వాటిని ఎంబ్రియోలు అంటారు. అన్నీ సద్దుమణిగినట్లు కనిపించే ద్రవంలో నిజానికి విరామం లేకుండా ఈ ప్రయత్నాలు సాగుతుంటాయి. దశా పరివర్తనలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే.

4. అడ్డంకి ఎత్తును ఉష్ణ శక్తితో పోల్చండి

ఈ మెట్టును వదిలేయకండి, అసలు జవాబు ఇక్కడే ఉంది. సంధి వ్యాసార్థానికి చేరడానికి బీజం దాటవలసిన శక్తే అడ్డంకి. దాని ఎత్తు అంటే సంధి బీజపు ఉపరితల వైశాల్యాన్ని సరిహద్దు శక్తితో గుణించి, మూడుతో భాగించగా వచ్చేది. పుస్తకాల్లో పదహారు పై, ఘనాలు, వర్గాలతో కనిపించే పెద్ద సూత్రం కూడా ఇదే. ఈ చిన్న రూపం గుర్తుంటే ఎక్కడైనా వాడుకోవచ్చు. రాగి 236 డిగ్రీలు దిగినప్పుడు అది 9.8 × 10⁻¹⁹ జౌళ్లు.

దీన్ని బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, కెల్విన్ ఉష్ణోగ్రతల లబ్ధంతో, అంటే పరమాణువుల ఉష్ణ శక్తితో భాగించండి. వచ్చే అంకెను అడ్డంకి సంఖ్య అనుకుందాం. రాగికి అది 10 డిగ్రీల దగ్గర 29,000. 100 డిగ్రీల దగ్గర 315. 200 దగ్గర 85. 236 దగ్గర 63.

ఘనపు మీటరుకు సెకనుకు బీజాలు పుట్టే రేటు తెలుసుకోవడానికి, సహజ సంవర్గమాన ఆధారాన్ని ఈ సంఖ్యకు రుణ ఘాతంగా వేసి, సుమారు 10⁴⁰తో గుణించండి. ఈ పెద్ద గుణకంలో ఘనపు మీటరులోని పరమాణువుల సంఖ్య, అవి సెకనుకు చేసే ప్రయత్నాలు కలిసి ఉన్నాయి. గిబ్స్ 1870లలో వేసిన పునాది మీద వోల్మర్, వెబర్ 1926లోనూ, బెకర్, డోరింగ్ 1935లోనూ కట్టిన సిద్ధాంతపు సారం ఇది.

ఫలితం చూడండి. 200 డిగ్రీల దగ్గర ఒక ఘనపు సెంటీమీటరు రాగిలో ఒక బీజం పుట్టడానికి ఇరవై నిమిషాల దరిదాపుల్లో పడుతుంది. ఇంకో 36 డిగ్రీలు దిగితే అదే చోట సెకనుకు పది లక్షలకు పైగా పుడతాయి. మధ్యలో నెమ్మదిగా పెరిగే ఘట్టం అంటూ లేదు; గడియ వేసిన తలుపు ఒక్కసారిగా తెరుచుకున్నట్లు ఉంటుంది. అందువల్ల అడ్డంకి సంఖ్య 60, 80 మధ్యకు వచ్చే ఉష్ణోగ్రతను వెతికితే మీకు కావలసిన జవాబు చాలావరకు దొరికినట్లే. ఇంకో విషయం: అడ్డంకి సరిహద్దు శక్తి ఘనాన్ని బట్టి మారుతుంది. ఆ అంకెలో 10 శాతం తేడా వస్తే అడ్డంకిలో 30 శాతానికి పైగా తేడా వస్తుంది. లెక్క ప్రయోగంతో సరిపోకపోతే ముందు అనుమానించవలసింది దాన్నే.

5. ఇప్పుడు నిజమైన లోహంలో చోటు వెతకండి

పైన లెక్కించినది ఏ ఆధారమూ లేకుండా ద్రవం మధ్యలో పుట్టే బీజం గురించి. అచ్చులో పోసిన లోహంలో అలా దాదాపు ఎప్పుడూ జరగదు. అచ్చు గోడ, ఆక్సైడు పొర, తేలియాడే రేణువు ఏదో ఒకటి ఆసరా ఇస్తుంది. అలాంటి ఉపరితలం మీద బీజం పూర్తి గోళంగా ఉండనక్కరలేదు, టోపీ ఆకారంలో అంటుకుంటే చాలు. సంధి వ్యాసార్థం మారదు. కావలసిన పరమాణువుల సంఖ్య మాత్రం బాగా తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో స్పర్శ కోణం, అంటే టోపీ అంచు ఆ ఉపరితలంతో చేసే కోణం చెబుతుంది. కోణపు కొసైన్‌కు రెండు కలపండి. ఒకటిలోంచి కొసైన్‌ను తీసి ఆ తేడాను వర్గం చేయండి. రెండింటినీ గుణించి నాలుగుతో భాగించండి. వచ్చినదాన్ని అడ్డంకి సంఖ్యతో గుణిస్తే కొత్త అడ్డంకి వస్తుంది. 90 డిగ్రీల కోణానికి ఈ గుణకం 0.5, 60కి 0.16, 30కి 0.013, 10కి 0.00017. రాగి లెక్కను 30 డిగ్రీల కోణంతో మళ్లీ వేయండి: 236 డిగ్రీలు దిగవలసిన చోట 25, 30 డిగ్రీలు సరిపోతాయి. 10 డిగ్రీల కోణం ఇచ్చే ఉపరితలం దొరికితే మూడు, నాలుగు డిగ్రీలు చాలు.

టర్న్‌బుల్ బృందం బిందువులను ఎందుకు ఎంచుకుందో ఇప్పుడు తెలుస్తుంది. లోహాన్ని లక్షల బిందువులుగా విడగొడితే, ఉన్న కొద్ది మలిన రేణువులూ కొన్ని బిందువుల్లోనే చిక్కుకుంటాయి. మిగిలినవి ఏ ఆసరా లేక లోతుకు దిగుతాయి.

6. తగరంతో మీ కళ్లారా చూడండి

లెక్కను నమ్మడానికి మంచి దారి ఒక శీతలీకరణ వక్రం, అంటే సమయంతో ఉష్ణోగ్రత ఎలా దిగుతుందో చూపే గీత, గీయడమే. ఈ పనికి తగరం అనువైనది: 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, బీజం పుట్టించుకోవడానికి బాగా మొరాయిస్తుంది. సీసం కలిసిన టంకం వాడకండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి. మూస, కదిపే కడ్డీ పూర్తిగా పొడిగా ఉండాలి. ఒక్క నీటి చుక్క ఉన్నా కరిగిన లోహం చిమ్ముతుంది.

వంద గ్రాముల వరకు తగరాన్ని గ్రాఫైటు లేదా పింగాణీ మూసలో 260 డిగ్రీల వరకు వేడి చేయండి. తొడుగు ఉన్న థర్మోకపుల్‌ను మధ్యలో నిలిపి, మంట తీసేసి, ప్రతి సెకనుకు ఉష్ణోగ్రత నమోదు చేయండి. కదపకండి. ఉష్ణోగ్రత 232 దాటి దిగుతుంది, ఒకచోట ఆగి, చటుక్కున పైకి లేచి 232 దగ్గర నిలబడుతుంది. దిగిన అట్టడుగుకూ 232కూ ఉన్న తేడాయే మీ తగరపు అండర్‌కూలింగ్. పైకి లేవడానికి కారణం పుట్టిన బీజాలు పెరుగుతూ వదిలిన గుప్తోష్ణం. దీన్ని రికలెసెన్స్ అంటారు. తగరం గ్రాముకు 60 జౌళ్ల గుప్తోష్ణం వదులుతుంది, ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 0.25 జౌళ్లు తీసుకుంటుంది. 20 డిగ్రీలు దిగి ఉంటే పన్నెండో వంతు గడ్డకట్టగానే ఉష్ణోగ్రత మళ్లీ 232కు చేరుతుంది. మిగతా లోహమంతా నిలకడగా ఉన్న ఆ గీత మీదే గడ్డకడుతుంది.

ఇదే ప్రయోగాన్ని మూడు మార్పులతో మళ్లీ చేయండి. ఒకసారి 350 డిగ్రీల దాకా వేడి చేసి చల్లార్చండి. తరచుగా అండర్‌కూలింగ్ పెరుగుతుంది, ఎందుకంటే పగుళ్లలో మిగిలిన ఘన తునకలు, ఆసరా ఇచ్చే కొన్ని ఉపరితలాలు ఆ వేడికి పనిచేయకుండా పోతాయి. ఇంకోసారి 228 దగ్గరకు రాగానే చిన్న ఘన తగరపు ముక్కను తాకించండి. వెంటనే గడ్డకట్టడం మొదలవుతుంది, లోతుకు దిగే అవకాశమే ఉండదు. మూడోసారి ఏమీ మార్చకండి. అంకె అయినా కొంత మారుతుంది. న్యూక్లియేషన్ సంభావ్యతకు లోబడిన ఘటన. ఒకే వక్రం గీసి ఇదే ఈ లోహపు అండర్‌కూలింగ్ అని రాసేయకూడదు. పదిసార్లు చేసి వ్యాప్తిని కూడా చెప్పాలి. మీ థర్మోకపుల్ తొడుగు కూడా బీజానికి ఆసరా ఇవ్వగల ఉపరితలమే అని గుర్తుంచుకోండి.

7. బీజాల సంఖ్యను పెంచడం

పోతలో గ్రెయిన్లు, అంటే ఒక్కో బీజం నుంచి పెరిగిన స్ఫటికాలు, సన్నగా కావాలంటే ఎక్కువ బీజాలు ఒకే సమయంలో పుట్టాలి. అల్యూమినియంలో దీనికి 5 శాతం టైటానియం, 1 శాతం బోరాన్ ఉన్న మాస్టర్ మిశ్రమాన్ని కలుపుతారు. టన్నుకు ఒకటి, రెండు కిలోల స్థాయిలో. అందులోని టైటానియం డైబోరైడు రేణువులు అల్యూమినియం స్ఫటికానికి చక్కని ఆసరా ఇస్తాయి.

ఆ రేణువుల్లో నూటికి ఒకటి మాత్రమే, చాలాసార్లు అంతకంటే తక్కువే, నిజంగా గ్రెయిన్‌గా మారుతుంది. కారణం పరిమాణం. రేణువు ముఖం మీద అల్యూమినియం పలుచని పొరగా సులువుగానే ఏర్పడుతుంది, కానీ ఆ ముఖం దాటి ద్రవంలోకి ఉబ్బాలంటే రేణువు వ్యాసాన్ని బట్టి కొంత అండర్‌కూలింగ్ కావాలి. ఒక మైక్రోమీటరు రేణువుకు సుమారు 0.57 డిగ్రీ, అయిదు మైక్రోమీటర్ల రేణువుకు 0.11 డిగ్రీ. లోహం చల్లారుతుంటే పెద్ద రేణువులు ముందుగా పని మొదలుపెడతాయి. అవి వదిలిన వేడికి ఉష్ణోగ్రత మళ్లీ లేస్తుంది. చిన్న రేణువులకు తమ వంతు ఎప్పటికీ రాదు. కాబట్టి రేణువులు ఎక్కువ వేసినంత మాత్రాన గ్రెయిన్లు అంతే నిష్పత్తిలో సన్నబడవు. కరిగి ఉన్న టైటానియం కూడా తోడ్పడుతుంది: అది పెరుగుదలను నెమ్మదింపజేసి, వేడి విడుదలను తగ్గించి, మరికొన్ని రేణువులకు సమయం ఇస్తుంది.

మీరే కలిపి పోస్తుంటే రెండు జాగ్రత్తలు. డైబోరైడు సాంద్రత 4.5, ద్రవ అల్యూమినియంది 2.4, నిలవ ఉంచితే రేణువులు అడుగుకు చేరతాయి, పోసే ముందు కలపాలి. సిలికాన్ ఎక్కువగా ఉన్న పోత మిశ్రమాల్లో, జిర్కోనియం ఉన్న మిశ్రమాల్లో ఈ మాస్టర్ మిశ్రమపు ప్రభావం పడిపోతుంది.

పోత ఇనుములో ఇదే సూత్రం ఇంకా కఠినంగా పనిచేస్తుంది. ఇనుము, కార్బన్ మాత్రమే ఉన్న మిశ్రమంలో గ్రాఫైటు ఏర్పడే యూటెక్టిక్‌కూ (ద్రవం ఒకేసారి రెండు ఘన దశలుగా గడ్డకట్టే ఉష్ణోగ్రతకూ), సిమెంటైట్ ఏర్పడే యూటెక్టిక్‌కూ మధ్య సుమారు 6 డిగ్రీలే తేడా. గ్రాఫైటుకు బీజాలు సకాలంలో దొరక్క ఆ 6 డిగ్రీలు దాటి దిగితే, గట్టిగా పెళుసుగా ఉండే తెల్ల ఇనుము పుట్టే వీలు ఏర్పడుతుంది. సిలికాన్ ఆ తేడాను పెంచుతుంది. ఫెర్రోసిలికాన్‌తో చేసే ఇనాక్యులేషన్ గ్రాఫైటుకు బీజాలు అందిస్తుంది. దాని ప్రభావం నిమిషాల్లో తగ్గిపోతుంది కనుక పోయడానికి వీలైనంత దగ్గరగా కలపండి.

8. ఘనం లోపల మార్పు అయితే లెక్కలో ఏమి కలపాలి

ఘనంలోంచి ఘనం పుట్టేటప్పుడు రెండు కొత్త అంశాలు వస్తాయి. కొత్త దశ పరిమాణం పాతదానికి సరిపోక చుట్టూ వికృతి శక్తి పేరుకుంటుంది. దాన్ని చోదక శక్తిలోంచి తీసేయాలి. రెండోది, లోపల ఇప్పటికే ఉన్న లోపాలు: గ్రెయిన్ సరిహద్దులు, డిస్‌లొకేషన్లు (స్ఫటికంలో పరమాణువుల వరుస తప్పిన గీతలు). అక్కడ పుట్టిన బీజం ఆ లోపాన్ని కొంత మింగేస్తుంది, దాని శక్తి లాభంగా కలుస్తుంది. సూక్ష్మదర్శినిలో కొత్త దశ తరచుగా గ్రెయిన్ అంచుల వెంట తోరణంలా కనిపించేది అందుకే.

వికృతి శక్తి ఎంత బలమైన అడ్డో తగరమే చూపిస్తుంది. తెల్ల తగరం 13.2 డిగ్రీల దిగువన బూడిద తగరంగా మారాలి, కానీ పరిమాణం దాదాపు 27 శాతం పెరగాలి. అందుకే అది ఏళ్ల తరబడి మారకుండా ఉండగలదు. బూడిద తగరపు పొడి తాకిస్తే మాత్రం మార్పు పాకుతుంది.

అల్యూమినియం, రాగి మిశ్రమంలో మీరే చేసి చూడదగిన వరుస ఇది. సుమారు 4 శాతం రాగి ఉన్న ముక్కను 548 డిగ్రీల యూటెక్టిక్‌కు దిగువన, 520, 530 దగ్గర కొన్ని గంటలు ఉంచి రాగిని పూర్తిగా కరిగించండి. ఆలస్యం చేయకుండా నీటిలో ముంచండి. వెంటనే కాఠిన్యం కొలవండి, తర్వాత రోజూ కొలవండి. గది ఉష్ణోగ్రతలోనే కాఠిన్యం పెరుగుతుంది. 1906లో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ గమనించినది ఈ రకం ఏజ్ హార్డెనింగ్‌నే, అంటే కాలం గడిచేకొద్దీ గట్టిపడటాన్నే. దాని వెనక ఉన్న రాగి పరమాణువుల పలుచని పళ్లేలను 1938లో గినియే, ప్రెస్టన్ విడివిడిగా ఎక్స్-కిరణాలతో గుర్తించారు.

సమతాస్థితి దశ ముందుగా రాకుండా ఈ పళ్లేలు ఎందుకు వస్తాయి? నాలుగో మెట్టులోని ఘనాన్ని గుర్తు తెచ్చుకోండి. పళ్లేపు స్ఫటిక వరుసలు చుట్టూ ఉన్న అల్యూమినియం వరుసలతో కలిసిపోతాయి కనుక వాటి సరిహద్దు శక్తి చాలా తక్కువ. సరిహద్దు శక్తి పదో వంతయితే, చోదక శక్తి అంతే ఉన్నప్పుడు, అడ్డంకి వెయ్యో వంతవుతుంది. చోదక శక్తి కొంత తక్కువైనా గెలుపు దానిదే. 150 నుంచి 190 డిగ్రీల మధ్య ఉంచితే తర్వాతి మధ్యంతర దశలు వరుసగా వస్తాయి, కాఠిన్యం శిఖరానికి చేరి, ఎక్కువసేపు ఉంచితే మళ్లీ పడిపోతుంది. నీటిలో ముంచడం నెమ్మదిస్తే గ్రెయిన్ సరిహద్దుల వెంట ముతక రేణువులు ముందే పుట్టి, రాగిని లాగేసుకుంటాయి.

9. సమయాన్ని చేర్చండి

ఘనంలో ఉష్ణోగ్రత దిగేకొద్దీ చోదక శక్తి పెరుగుతుంది, పరమాణువుల కదలిక మందగిస్తుంది. రెండింటి పోటీలో మధ్యలో ఎక్కడో వేగం గరిష్ఠం. ఉష్ణోగ్రతను నిలువుగా, సమయపు సంవర్గమానాన్ని అడ్డంగా వేస్తే ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వక్రం వస్తుంది. ఉక్కుకు ఇలాంటి పటాన్ని డావెన్‌పోర్ట్, బెయిన్ 1930లో ప్రచురించారు. 0.77 శాతం కార్బన్ ఉక్కులో ముక్కు సుమారు 550 డిగ్రీల దగ్గర, ఒక సెకను దరిదాపుల్లో ఉంటుంది.

చదివే పద్ధతి: ఆస్టెనైట్, పెర్లైట్ సమానంగా నిలబడే 727 డిగ్రీల గీతతో మొదలుపెట్టండి. మీరు నిలిపే ఉష్ణోగ్రత దగ్గర అడ్డంగా కదిలి మొదటి వక్రాన్ని తాకితే మార్పు మొదలు, రెండోదాన్ని తాకితే ముగింపు. 700 దగ్గర బీజాలు తక్కువ, పెర్లైట్ పొరలు మందం. 550కి దగ్గరైతే పొరలు సన్నబడి ఉక్కు గట్టిపడుతుంది. పటం స్థిర ఉష్ణోగ్రతకు గీసినది. నిరంతరం చల్లారే ముక్కకు వక్రాలు కొంచెం కిందికి, కుడికి జరుగుతాయి.

ముక్కును కుడికి నెట్టడమంటే బీజాల పుట్టుకను, పెరుగుదలను ఆలస్యం చేయడమే. మాంగనీస్, క్రోమియం, మాలిబ్డినం ఆ పని చేస్తాయి. నాకు ఎక్కువగా నచ్చే ఉదాహరణ బోరాన్: 0.001 నుంచి 0.003 శాతం చాలు. అది ఆస్టెనైట్ గ్రెయిన్ సరిహద్దుల్లో చేరి, ఫెర్రైట్ బీజాలకు అక్కడి ఆసరా దక్కకుండా చేస్తుంది.

10. కార్బన్ కదలకముందే దిగిపోతే

ముక్కును తప్పించుకుని వేగంగా చల్లార్చితే మార్టెన్‌సైట్ అనే చాలా గట్టి దశ వస్తుంది. కూర్పు మారదు, పరమాణువులు కూడబలుక్కున్నట్లు ఒక్కసారిగా జరుగుతాయి. మొదలయ్యే ఉష్ణోగ్రతను అంచనా వేయడానికి 539 నుంచి కార్బన్ శాతానికి 423 చొప్పున, మాంగనీస్‌కు 30.4, నికెల్‌కు 17.7, క్రోమియంకు 12.1, మాలిబ్డినంకు 7.5 చొప్పున తీసేయండి. 0.77 శాతం కార్బన్ ఒక్కటే ఉంటే 213 డిగ్రీలు. ఎంత మారిందన్నది సమయం మీద కాక ఎంత దిగారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 25 డిగ్రీలకు చేరినా పదో వంతు వరకు ఆస్టెనైట్ మిగిలిపోవచ్చు.

మార్టెన్‌సైట్‌కూ పుట్టే చోటు కావాలి. 1956లో సెక్, టర్న్‌బుల్ ఇనుము, 30 శాతం నికెల్ మిశ్రమాన్ని పొడిగా చేసి చల్లార్చినప్పుడు, పెద్ద ముక్క మారే ఉష్ణోగ్రత దాటినా అనేక చిన్న రేణువులు మారలేదు. అనువైన లోపం ఉన్న రేణువులే ముందు మారాయి. ద్రవ బిందువుల కథ ఘనంలోనూ నిజమేనని అది చూపింది.

చేసి చూడటానికి, మిశ్రమాలు లేని అధిక కార్బన్ ఉక్కు నుంచి 3 మిల్లీమీటర్ల మందపు ముక్కలు మూడు తీసుకోండి. అయస్కాంతం అంటుకోవడం ఆగే వరకు వేడి చేసి, ఇంకో 40, 50 డిగ్రీలు పెంచి కొన్ని నిమిషాలు ఉంచండి. ఇలాంటి ఉక్కులో ఆస్టెనైట్ ఏర్పడటంతోనే అయస్కాంత గుణం పోతుంది కనుక ఈ పరీక్ష నమ్మదగినది. కార్బన్ తక్కువున్న ఉక్కులో మాత్రం 770 డిగ్రీల దగ్గర ఫెర్రైట్ ఉండగానే అయస్కాంతత్వం పోతుంది, అక్కడ ఈ పరీక్ష మోసం చేస్తుంది. ఒక ముక్కను కొలిమిలోనే, ఒకటి గాలిలో, ఒకటి గది వేడిమిలోని నీటిలో కదుపుతూ చల్లార్చండి. ఆకురాయితో గీసి చూడండి: మొదటిది సులువుగా తెగుతుంది, రెండోది కొంచెం మొరాయిస్తుంది, మూడోదాని మీద ఆకురాయి జారిపోతుంది. ఆ మూడో ముక్కను ఆలస్యం చేయకుండా 200 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచి టెంపరింగ్ చేయండి. లేదంటే లోపలి ఒత్తిడికి తనంతట తానే పగలవచ్చు.

నీటిలో ముంచిన ముక్క మెత్తగా మిగిలితే, తిరిగి వేడి చేసే ముందు దాన్ని కోసి, మెరుగుపెట్టి, ఆల్కహాలులో 2 శాతం నత్రికామ్లంతో ఎచింగ్ చేసి (ఆమ్లంతో ఉపరితలాన్ని కొద్దిగా కొరికించి) సూక్ష్మదర్శినిలో చూడండి. పాత గ్రెయిన్ సరిహద్దుల వెంట నల్లని పెర్లైట్ ముద్దలు కనిపిస్తే చల్లార్పు ముక్కును తాకింది. వేగం పెంచండి లేదా ముక్కును కుడికి నెట్టే మిశ్రమాన్ని ఎంచుకోండి. మొత్తం తెల్లని ఫెర్రైట్ మధ్య అక్కడక్కడ మార్టెన్‌సైట్ ఉంటే వేడి సరిపోలేదు, ఆస్టెనైట్ పూర్తిగా పుట్టనే లేదు. మెత్తదనం ఉపరితలం మీదే ఉండి లోపల గట్టిగా ఉంటే కొలిమిలో కార్బన్ కాలిపోయింది. ఆ పొరను గీకి తీసేసి, లోపలి కాఠిన్యాన్ని మళ్లీ కొలవండి.